మిల్లీమీటరుల సగం

నాలుగు రోజుల ఎలుకపిల్ల
ఉడికిన కందగడ్డ ముక్క లెక్క
ఎర్రగ, వెచ్చగ ఉంటది అరచేతుల.
తోక లేపి, వెర్నియర్ తెరిచి
మలద్వారం నుంచి మూత్రపు మొటిమ దాక
కొలుస్త. అదే నా నౌకరి.
మొగదానికి దూరమెక్కువ, ఆడదానికి తక్కువ.

జగిత్యాలల బట్టల దుకాణంల గజాలు కొలిచినోణ్ణి,
అల్ ఐన్ల చుక్క పక్కన అంకెలు రాస్తున్న.
బయట నలభై ఆరు డిగ్రీలు,
ఎలుకల గదిల ఇరవై రెండు.

మూడో వరుస తల్లులకు
కడుపుతోటి ఉన్నప్పుడు గడ్డిమందు తాపినం,
గొంతులకు సన్న గొట్టం దించి,
పదిహేనో నాటి సంది పంతొమ్మిదో నాటి దాక.
ఆ అయిదు రోజులే.
వాటి కొడుకులు చూడనీకి మంచిగనే ఉన్నయి.
పాలు తాగుతయి, ఒకదాని మీద ఒకటి పంటయి.
కొలిస్తెనే తెలుస్తది,
మిల్లీమీటరుల సగం తక్కువ.
పదమూడో నాడు, బొచ్చు కమ్మకముందు,
మొగపిల్లల పొట్ట మీద
చనుమొనల మచ్చలు.
ఉండొద్దు. ఉన్నయి.

డాక్టర్ ఇబ్తిసామ్, సూడాన్ ఆమె, చెప్పింది:
"లోపట ఒక మాట పుడతది పోశెట్టీ,
నువ్వు మొగోనివి కా అని.
ఈ మందు పోయి
ఆ మాట వినే చెవిల కూసుంటది.
మాట వస్తనే ఉంటది. చెవికి పోదు."
మనిషికి ఏ రోజులల్ల మేడమ్, అని అడిగిన.
పెన్నుకు మూత పెట్టింది.
"ఎనిమిదో వారం నుంచి పద్నాలుగు దాక కావొచ్చు.
కానీ ఎలుక మనిషి కాదు.
మనం పోసిన మోతాదు వేరే.
ముందు బరువులు రాయి."

మా విల్లాల అట్టగోడల గదులు ఆరు.
అవతలి గది ఎల్లేశం
ఖర్జూరం తోటలల్ల గడ్డిమందు కొడతడు,
వీపు మీద ఇరవై లీటర్ల డబ్బ.
గంగమణి నర్సరీల
మొక్కల సంచులకు మట్టి నింపుతది.
రాత్రి ఆయన ప్యాంటు బకెట్ల నానేసి
చేతుల్తోటి పిండుతది, మోకాళ్ల మీద కూసోని.
ఆ నీళ్ల వాసన నాకెరుకే.
కారం పెట్టిన పచ్చి మామిడి నా చేతుల పెట్టి
"మూడో నెల పడ్డది అన్నా" అన్నది.
గోడ మీద క్యాలెండర్ చూసుకుంట
వేళ్ల మీద లెక్కబెట్టిన. పదకొండో వారం.

ఏమని చెప్పాలె?
డాక్టర్ను కాను. ఎలుకల పెంట ఎత్తేటోణ్ణి.
లోపట కొడుకో బిడ్డనో కూడ ఎవలకెరుక.
"నా పనికాడ మిషిన్ ఉన్నది, బట్టలియ్యి" అన్న.
మిషిన్ లేదు.
ల్యాబుల కెల్లి నాలుగు జతల గ్లౌజులు దొంగతనం జేసి
మిద్దె మీది నల్లకాడ నేనే ఉతికిన.
ఎల్లేశం నవ్విండు:
"ఇజ్జత్ తీస్తున్నవు కదనే, నా పెండ్లాం లేదా?"
ప్యాంటు సరే.
నర్సరీల గాలిని ఎవలు పిండాలె?
ముందటి పది వారాలు ఏ నల్లకింద పెట్టాలె?

కొడుకే పుట్టిండు. మూడు కిలోల రెండొందలు.
ఇరవై ఒకటో నాడు సేమ్యా పాయసం
పేపర్ గిలాసలల్ల పంచిన్రు.
"ఒక దిక్కు ఇంక కిందికి దిగలేదట అన్నా,
ఆర్నెల్లు చూద్దామన్నడు డాక్టరు.
చానమందికి ఉంటదట, ఎందుకంటె తెల్వదట.
మా అత్తగారి దిక్కు ఎవలకో ఉండెనట" అన్నది
గంగమణి, గిలాస అందించుకుంట.
నేను పాయసం తాగిన.
ఎలుకల రిజిస్టర్ల అయితే
మందు తాగని తల్లుల వరుస ఒకటి ఉంటది
పక్కన పెట్టి చూసుకోనీకి.
ఇక్కడ ఒక్కడే పిలగాడు,
ఒక్కతే తల్లి, తట్టెడు ఇసుకగాలి.

ఎత్తుకొమ్మని ఇచ్చిన్రు.
లంగోటి విప్పంగనే
సక్కగ, ఎత్తుగ ఉచ్చ పోసిండు,
నా అంగీ మొత్తం తడిసింది.
అందరు నవ్విన్రు. నేను గట్టిగ నవ్విన,
కండ్లల్ల నీళ్లొచ్చేదాక.
గప్పుడు చూసుకున్న,
నా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు
వాని కాళ్ల నడుమ
వెర్నియర్ లెక్క తెరుచుకోని ఉన్నయి.
పిల్లగాణ్ణి తల్లికిచ్చి
చెయ్యి జేబుల పెట్టుకున్న.