ఎనిమిది డబ్బాలు

మంగళవారం సాయంత్రాలు
బట్టలుతికే గదిలో మాకు గ్రామర్.
హెరెఫర్డ్‌షైర్‌లో స్ట్రాబెర్రీ తోట, అరవై క్యారవాన్లు,
నాలుగు వాషింగ్ మెషిన్లు, ఒకటి చెడిపోయింది.
దాని మీదే మిసెస్ ప్రిచర్డ్
ఎనిమిది ఖాళీ పండ్ల డబ్బాలు పేరుస్తుంది.
చీటీల మీద మాటలు.
ఏ మాట ఏ డబ్బాలోదో చెప్పాలి.

ఇది మాకు రాని పనేం కాదు.
తెల్లారి నాలుగున్నర నించి చేసేది ఇదే:
ఎరుపు ఇటు, సగం ఎరుపు అటు,
నలిగింది జామ్‌కి.

నామవాచకాలు తేలిక, చేతికి దొరుకుతాయి:
చెప్పు, బకెట్, బస్సు, అప్పు.
"అప్పు చేతికి దొరకదు కదా" అందావిడ.
బెక్తెమిర్ తన మెడ తనే పట్టుకుని చూపించాడు,
దానికి మేం దొరుకుతామని.

క్రియల డబ్బా మొత్తం సూపర్‌వైజర్ ఇవైలోది.
కొయ్యి. ఒంగు. వదిలెయ్. త్వరగా...
"త్వరగా ఇందులోది కాదు, పక్క డబ్బా."
చీటీ మార్చాను.
నడుముకి మాత్రం తేడా తెలీలేదు.

మా కిర్గిజ్‌లో అతనికీ ఆమెకీ గుర్రానికీ
ఒకటే మాట, అల్.
అందుకే బెక్తెమిర్ నోట్లో పెళ్లాం 'హీ' అయింది,
మీసాల మేనమామ 'షీ' అయ్యాడు.
ఐజిరెక్ నవ్వుతూ నవ్వుతూ
పళ్ల మధ్య పెట్టుకున్న బట్టల క్లిప్పు మింగబోయింది.

మాకు క్రియ చివర్న వస్తుంది,
అందరూ ఎక్కి కూచున్నాక కదిలే బస్సులా.
వీళ్లకి రెండో మాటే క్రియ.
ఎవర్నో ఎక్కడో ఇంకా చెప్పకముందే
పని మొదలైపోతుంది.

'లైట్' అన్న చీటీ మూడు డబ్బాలు తిరిగింది.
దీపమట, వెలిగించడమట, బరువు లేకపోవడమట.
"దీనికి మూడు దేశాల వీసా ఉందా?" అంది నుర్జాత్.
మాకున్నది ఒక్కటే, ఆరు నెలలకి.

ఎనిమిదో డబ్బా ఖాళీ.
"ఓ, ఔచ్ లాంటివి ఇందులో.
వాక్యంలో ఇవి ఎవరికీ చుట్టాలు కావు" అంటే
బుద్ధిగా రాసుకున్నాం.

అప్పుడు పడ్డాయి వడగళ్లు.
ముందు మా రేకు మీద,
తర్వాత దూరంగా, తోట మీద కప్పిన ప్లాస్టిక్ మీద.
అది చిరుగుతున్న చప్పుడు ఇక్కడిదాకా వినబడింది.
"కోకుయ్!" అన్నాడు బెక్తెమిర్.
"అపేయ్" అన్నాం ఆడవాళ్లం.
మిసెస్ ప్రిచర్డ్ కిటికీ వైపు చూడలేదు.
స్పెల్లింగ్ అడిగి, రెండు చీటీలు రాసి
ఎనిమిదో డబ్బాలో వేసింది.

కాసేపటికి తలుపు తోసుకుని ఇవైలో,
టోపీ మీది మంచుగడ్డలు దులుపుకుంటూ:
"నో పిక్ టుమారో."
అందులో 'పిక్' నామమో క్రియో
మిసెస్ ప్రిచర్డ్‌కే తేలలేదు.
మాకు మొత్తం అర్థమైంది.
రేపు కూలి రాదు. క్యారవాన్ అద్దె ఆగదు.

"జోక్" అన్నాడు బెక్తెమిర్.
"కాదు నాయనా, నిజంగానే చెప్తున్నాడు" అందావిడ.

జోక్ అంటే మా భాషలో లేదు అని.
పని జోక్. డబ్బు జోక్.
చివర్న నిలబడి తలుపు మూసే మాట.
వచ్చిన ఇంగ్లీషులో, చేతులతో, చెప్పాను.
ఆవిడ కొత్త చీటీ తీసి రాసుకుంది.
పట్టుకుని డబ్బాల వరస పొడుగునా
ఇటు నించి అటు, అటు నించి ఇటు చూసింది.

డ్రయర్ ఆగింది.
ఎవరివో సాక్సులు, ఇంకా తడిగానే ఉన్నాయి.
చీటీ ఆవిడ కోటు జేబులోకి వెళ్లింది.