అడ్డచెక్క

దస్తగిరన్న బండికి నాకన్నా వయసెక్కువ.
అరవై ఎనిమిదో మోడలు జీపు పికప్పు.
ఎన్నిసార్లు పచ్చరంగు పూసినా
తలుపు అంచున పాత ఎరుపు తొంగి చూస్తాది.
పలమనేరు సంతలో దాన్ని గొల్లభామ అంటారు.
వెనక తగిలించిన బరువు చూసి నవ్వుతారు,
అది కదిలినాక
బీడీ వెలిగించుకుంటారు.

నేను క్లీనర్ని.
తుడిచేది తక్కువ.
నా ఉద్యోగమంతా ఒక చింతమొద్దు ముక్క.
మూరెడు పొడుగు, ఒక పక్క వాలుగా చెక్కింది,
కొసకి తాడు.
బండి ఆగితే చక్రం కింద,
బండి కదిలితే నా భుజం మీద.

ఆ జూన్‌లో మొగిలి ఘాటు మొదట్లో
కుప్పమ్మక్క ట్రాక్టరు పొగ కక్కి చచ్చింది.
ట్రాలీలో మూడు టన్నుల తోతాపురి,
కోసి రెండు రోజులు.
ఘాటు దిగితే బంగారుపాళెం, గుజ్జు ఫ్యాక్టరీ.
దిగకపోతే ఈగలు.
"నీ బండి లాగుతాదా నైనా?" అనింది.
దస్తగిరన్న ట్రాలీ చుట్టూ ఒకసారి తిరిగినాడు,
టైర్లని కాలితో తన్నినాడు,
నేల మీద ఉమ్మినాడు.

"లాగేదేముందక్కా, దిగుడే కదా.
లాగనవసరం లేదు.
అది మనల్ని తోయకుండా చూడాల."

అప్పుడు చేసిన పని నాకు అర్థం కాలేదు.
ట్రాలీలోంచి ఇరవై గంపల కాయలు
మా పికప్పులోకే ఎత్తించినాడు.
లాగే బండికే ఇంకా బరువా?
స్ప్రింగుపట్టీలు మూలిగినాయి,
గొల్లభామ తోక నేలకి వంగింది.
"ఒళ్ళు బరువు లేనోడు
ఎద్దు పలుపు పట్టుకుంటే ఏమైతాది?" అన్నాడు.
ఎద్దు వెనక ఈడ్చుకుపోయిన మా చిన్నాయన
మోచేతులు గుర్తొచ్చి
ఇంకో గంప నేనే ఎత్తినాను.

గొలుసు వద్దన్నాడు.
ట్రాలీ ముక్కు కొక్కెంలో దూర్చి,
పిన్ను వేసి,
పిన్నుకి చీల వేసి,
చీలకి కమ్మీ చుట్టి,
కమ్మీ మీద చెయ్యి పెట్టి
పెదాలు కదిపినాడు.

సెకండు గేరు. బ్రేకు మీద కాలు పెట్టలేదు.
ఇంజను ఏడుపే బ్రేకు.
నేను ట్రాలీ చక్రం పక్కన నడిచినాను,
చెక్క రెండు చేతుల్లో,
చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు.
బెంగుళూరు బస్సులు హారను కొట్టి తిట్టి పోయినాయి.
మూడో మలుపులో ట్రాలీ ఎడమకి జరిగింది,
కొక్కెం కిర్రుమంది,
గొల్లభామ వెనక చక్రం ఒక్క జానెడు
పక్కకి జారింది.
అన్న అరవలేదు.
కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి
రెండు వేళ్ళు కిందికి వంచినాడు.
చెక్క విసిరినాను.
టైరు దాన్ని కొరికి ఆగింది.

అంత నిశ్శబ్దం ఘాటులో మళ్ళీ వినలేదు.
ఒక తోతాపురి కాయ ట్రాలీ అంచు దాటి
రోడ్డు మీద పడి
తానొక్కటే దొర్లుకుంటా
మా ముందర ఘాటు దిగిపోయింది.
కుప్పమ్మక్క దాన్నే చూస్తా కూచుంది,
ఆ ఒక్క కాయకే రేటు కడతా ఉన్నట్టు.

చీకటి పడేటప్పటికి ఫ్యాక్టరీ గేటు.
మా ముందర నూటపది ట్రాక్టర్లు.
టోకెను రేపు సాయంత్రానికంట.
కిలోకి ఎంతిస్తారో ఎవరికీ తెలీదు,
తెలిసినోడు చెప్పడు.
బాడుగ మాట ఆమె ఎత్తలేదు, అన్న అడగలేదు.
"గుజ్జు డబ్బులొచ్చినాక చూద్దాములే" అని
బానెట్టు ఎత్తి రేడియేటరులో నీళ్ళు పోసినాడు.
బుస్సుమంది.

ఆమె ఒక కాయని కొక్కేనికి కొట్టి పగలదీసి
ఉప్పూకారం పొట్లం విప్పింది.
ముగ్గరమూ టైరుకి ఆనుకొని తిన్నాము.
ఇంజను చల్లారతా చల్లారతా
టిక్కు, టిక్కు అనింది చాలాసేపు.
చెక్క మీద టైరు పండ్లగుర్తులు తడిమినాను.
ఇంకా వెచ్చగానే ఉండాయి.