గంప దించే చోటు

చేతిలో చక్రమున్న కర్ర, చంకలో అట్ట,
అట్టకి క్లిప్పేసిన ఫారం:
వెడల్పు, ఎత్తు, అడ్డంకులు, రిమార్కులు.
పెద జాలారిపేట మలుపు నుంచి ఎంవీపీ కాలనీ దాకా
ఫుట్‌పాత్ ఎంత మిగిలిందో రాసుకు రమ్మన్నారు
మా త్రినాథరావు గారు.

మొదటి వంద మీటర్లలోనే
కంచె కట్టిన ట్రాన్స్‌ఫార్మరు. ఇడ్లీ బండి.
ఎవరిదో కారు ఇంట్లోకి ఎక్కడానికి పోసుకున్న సిమెంటు వాలు.
మూత లేని కాలువ,
అందులో ఎవరో జాలిపడి గుచ్చిన వేపకొమ్మ.
ఆ కొమ్మని ఏ గడిలో రాయాలో తెలీలేదు.
హుద్‌హుద్‌కి పడిన చెట్టు మొద్దు ఇంకా అక్కడే ఉంది,
దానిమీద కూర్చుని ఆటో కోసం చూస్తున్నాడొక కుర్రాడు.
అడ్డంకి అని రాసి, కొట్టేశాను.

ఎనిమిదయ్యేసరికి వెనక నుంచి గొంతు:
"పక్కకి రా బాబూ, నీ సక్రం నాకడ్డం."
మైలపల్లి పోలమ్మ.
గంపలో తడిగోనె కింద వంజరాలు, కానాగంతలు,
చెవి వెనక నుంచి మెడ మీదికి ఐసునీళ్లు.
ఫుట్‌పాత్ దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి,
మలుపు లోపల పదకొండు సార్లు.
నేను లెక్కపెట్టాను. ఆవిడ పెట్టలేదు.
స్కూలు బస్సు హారన్ కొడితే మెడ తిప్పదు.
తిప్పితే చేపలు నేలపాలు.

"కిందికి చూడకుండా ఎలా నడుస్తావమ్మా?"

"నెత్తిన గంపున్నోలు కిందికి సూత్తారేటి?
కాలే సూసుకుంతాది.
ఇక్కడ బండ ఊగతాది, అక్కడ ఇనప సువ్వ లేసుంతాది,
ఆ డాక్టరుగారింటికాడ నున్నటి టైల్సు,
వానొత్తే జర్రున జారిపోతాది.
మొన్న మా తోడికోడలు పడిపోనాది.
రెండు కేజీల సందువాలు కాలవలో పోనాయి.
నడుం సంగతి తరవాత."

నున్నదనానికి నా ఫారంలో గడి లేదు.

ఏం కావాలో చెప్పు, రాసుకుంటానన్నాను.
మొద్దు మీది కుర్రాణ్ణి లెగమని, గంప దించింది.
"అరుగు గావాల. ఇంతెత్తు."
భుజం దగ్గర గాలిని తట్టి చూపించింది.
"దించుకోడం నేనే దించుకుంతాను,
ఎత్తుకోడానికే ఒకలు గావాల.
అందరూ బండ్లమీదే.
హెల్మెట్టోణ్ణి ఏటని పిలుత్తాం?
ఎనకటికి ఈ గోడ బాగుండేది, నా బుజమెత్తే.
ఆనించి, నీల్లు తాగి, మళ్ళీ నెత్తికి జరుపుకుని ఎల్లిపోయేదాన్ని.
ఇప్పుడు గాజుపెంకులెట్టేసినారు."

చూశాను. ఆకుపచ్చవి, గోధుమరంగువి,
ఎండకి మెరుస్తూ, అందంగానే ఉన్నాయి.
ఆవిడ భుజాన్ని కొలవడానికి సిగ్గేసి నేను నిలబడితే
ఆవిడే గోడ పక్కన నిటారుగా నిలబడింది.
నూట ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు.

తెల్లవారుజామున బీచ్‌రోడ్డు మీదికి బండ్లు రానివ్వరు.
ఖరీదైన బూట్లు తొడుక్కుని
జనం నడవడానికే నడుస్తారు.
ఆ కాసేపూ రోడ్డంతా కాళ్లదే.
"ఆలకి నడక మందు, మాకు నడక కూడు"
అనలేదు పోలమ్మ.
అంటుందనుకున్నాను, రాసుకోడానికి పెన్ను కూడా తీశాను.
ఆవిడ అన్నది ఇదీ:
"బేగి ఓ సెయ్యెయ్యి బాబూ, ఐసు కరిగిపోతంది."

పాతిక కేజీలుంటుంది.
మోకాళ్ల దాకా, ఛాతీ దాకా నేను.
ఆపైన ఆవిడే లాక్కుంది,
చుట్టకుదురు ఒక్కసారి సర్దుకుని
వాలు దిగి, రోడ్డు మీదికి.

అప్పుడు గుర్తొచ్చింది నా బండి.
పొద్దున్నే ఫుట్‌పాత్ మీదే స్టాండేసి వచ్చాను,
ఎంతసేపులే అని.

అడ్డంకి ఇరవై ఏడు: మోటారు సైకిలు, నీలం రంగు.
నంబరు కూడా వేశాను.
రిమార్కులు: మలుపులో అరుగు. నూట ఇరవై ఎనిమిది.
పైన ఏమీ పెట్టకూడదు.

ఇదేంటయ్యా అంటారు త్రినాథరావు గారు.
చొక్కా చేతి మీద చేపనీళ్లు ఇంకా ఆరలేదు.
అననీ.