ఉప్పు లెక్క

మౌలాలి గుట్ట కింద
మా ఇంటి సంపుకి గచ్చు చేస్తుంటే
జంగయ్య మామ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.
"ఇసుక నాలిక మీద పెట్టి చూసిన్రా?"

ముప్పై ఏళ్లు నేవీకి జెట్టీలు కట్టిన మనిషి.
సముద్రం లేని ఊళ్లో
ఇంకా ఆటుపోట్ల వేళకే లేస్తాడు.

తుఫాను రాత్రి
సెంట్రింగ్ పలకలు కొట్టుకుపోతుంటే
కమాండర్ డికాస్టా టోపీ తీసి గట్టున పెట్టి
నడుంలోతు నీళ్లలోకి దిగాడట.
"ఒక్క మాట అనలే.
మా పక్కన పలక పట్టిండు, గంతే."

ఓడలకు పేర్లుంటయి.
అవి ఆనుకున్న గోడకు?

మామ వంగి
తడి సిమెంటులో బొటనవేలు నొక్కాడు.
రేపు మంజీరా నీళ్లొస్తే
అదీ మునుగుతుంది,
మిగిలినవాటి లాగే.