తిరగని పలక

బటన్ నొక్కి, టీ చెప్పి,
టీ వచ్చి, తాగి, గ్లాసు ఇచ్చి పంపినా
తెర మీద ఆ చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి.
అడంగల్ నకలు కోసం తర్లుపాడు నుంచి వచ్చిన పెద్దాయన
బెంచీ మీద నుంచి తొంగిచూసి
"లోపల ఎవరన్నా వెతుకుతున్నారా అమ్మా?" అన్నాడు.

వెతుకుతున్నారు తాతా.
లోపల ఒక పళ్లెం ఉంటది, దాని మీద ఒక సూది.
నిమిషానికి ఐదు వేల నాలుగొందల చుట్లు.

"అంత తిరిగీ దొరకలేదా!"

ఆ మాటకే మర్నాడు బస్సెక్కాను.
పొదిలి దాటి, చీమకుర్తి దగ్గర
రాళ్ల లారీ వెనక అరగంట ఆగి
(అక్కడా చుక్కలే, నల్లరాతిలో వెండి చుక్కలు,
అవి మాత్రం తిరగవు)
ఒంగోలు కర్నూలు రోడ్డులో, మెట్ల కింది షాపు.

ఖాసింపీరా అద్దం బల్ల మీద రెండు పెట్టాడు.
"ఇది ఏడు వేల రెండొందల చుట్లు, ఆదెమ్మక్కా.
నీ దానికన్నా వడి. ఐదొందల జీబీ పడుతుంది.
ఇదేమో అసలు తిరగదు.
రెండొందల నలభయ్యే. రేటు అటూ ఇటూగా ఒకటే."

తిరగనిది వడిగా ఎట్లా పోతుంది?
చెప్పకుండా అరచేతిలో పెట్టాడు.
తమలపాకుల కట్టంత బరువు కూడా లేదు.
ఒకటో తరగతి పలకను నాలుగు ముక్కలు చేస్తే ఒక ముక్క.

పలకంటే నాకు తెలుసు.
మార్కాపురంలో మా అమ్మ పలకలకు చెక్క బిగించేది.
మా చిన్నాన్న రాయి చీల్చేవాడు.
ఉలి ఆనించి, తల వంచి, ఒక్క దెబ్బ వేసి
పొర ఎక్కడ విడుతుందో చప్పుడుతో చెప్పేవాడు.
ఆ చెవి నాకొచ్చింది.
పాత డిస్కు గురగుర వింటే చాలు,
పెళ్లికార్డు తెరుస్తుంటే సన్నగా,
సర్వే పటమైతే తిరగలిలో జొన్నలు పోసినట్టు.
వారం నుంచే, టిక్. టిక్.
ఉలి గట్టిచోట తగిలి వెనక్కొచ్చినట్టు.

"ఆ చప్పుడొచ్చిందంటే ఇంక నమ్మొద్దక్కా."

నా దాంట్లో నాలుగొందల పది నిండి ఉంది.
చిన్న పలక తీసుకుంటే ఏం తుడవాలి?
పదకొండేళ్ల పెళ్లికార్డులున్నాయి;
వాళ్లలో రెండు జంటలు
విడాకుల నోటీసు కూడా నా దగ్గరే టైపు చేయించుకున్నారు.
డబ్బులివ్వని వాళ్ల పాస్‌పోర్టు ఫొటోలున్నాయి.
ఫైనల్, ఫైనల్ రెండు, అసలు ఫైనల్ ఉన్నాయి.
పుట్టినరోజు ఫ్లెక్సీకి కత్తిరించిన ముఖాన్నే
ఏడు నెలలకు సంతాపానికి వాడినవి,
అవి ఎన్నున్నాయో లెక్కపెట్టలేదు.

తిరగనిదే తీసుకున్నాను.
ఆ రాత్రి షట్టరు సగం దించి
పాత దాన్ని వైరుకు కట్టి, కావలసినవి ఒక్కొక్కటీ లాగాను.
టిక్ అన్నప్పుడల్లా చెయ్యి ఆపి కూర్చున్నాను,
ఊపిరి తీసుకోనిచ్చి మళ్లీ.
పలకను ఎంత తుడిచినా ఎండకు వాలుగా పెడితే
పాత అక్షరం గాటు కనబడుతుంది.
దీన్ని ఎటు వాల్చాలో తెలియదు.
తెల్లారుజామున పాతది ఆగిపోయింది.
షాపులో నేను ఎప్పుడూ వినని నిశ్శబ్దం.
కరెంటు పోయిందేమోనని ఫ్యాను వంక చూశాను.

సోమవారం తర్లుపాడు తాత మళ్లీ వచ్చాడు.
సర్వే నంబరు చెప్తూ చెప్తూ
తలగుడ్డ తీసి, దులిపి, బెంచీ మీద పరుస్తున్నాడు.
ఇంతలోనే కాగితం ప్రింటరులోంచి బయటికొచ్చింది.

ఆయన దాన్ని తీసుకోలేదు.
నన్నూ, నోరు మెదపని ఆ పెట్టెనూ మార్చి మార్చి చూశాడు.
"ఇంకా కూర్చోనన్నా లేదు కదమ్మా,
సరిగ్గా వెతికారో లేదో,
ఇంకోసారి చూడమను."

రెండు టీలు చెప్పి,
ఇంకోసారి నొక్కాను.