రిమార్కుల గడి

రాత్రి ఒంటిగంట దాటింది.
శంషాబాద్ కార్గో షెడ్డుల
పద్నాలుగు పెట్టెల ఇన్సులిన్
రెండు డిగ్రీలకూ ఎనిమిదికీ నడుమ
ముడుచుకొని కూసున్నది.
నాలుగింటికి విమానం.
నా తెరమీద ఒక్కటే పసుపుపచ్చ గీత:
అవతలి ప్రభుత్వం పరిశీలనలో ఉన్నది.

అవతల అంటే లిలాంగ్వే.
మలావి దేశం ఏడుందో
ఈ కొలువుల చేరేదాకా నాకెరుక లేదు.
ఇప్పుడైతే
అక్కడ ఏ వేళకు కరెంటు పోతదో గూడ చెప్పగల.

ఇరవై రెండేండ్ల కింద కాయితాలు నడిచేటియి.
కాళ్లతోని. నా కాళ్లతోని.
డ్రగ్ కంట్రోల్ ఆఫీసుల ఒక సంతకం,
కోఠి బ్యాంకుల ఒకటి,
పెద్దసారు లేడంటే రేపు రా, ఎల్లుండి రా.
ఏడు ప్రతులు,
ఏడో ప్రతి మీద అక్షరాలు
వానకు తడిసిన గోడమీది సున్నం లెక్క.
ఛత్తా బజార్ల ఘౌస్‌పాషా చెక్కిన రబ్బరు ముద్ర
నా సంచిల టిఫిన్ డబ్బా పక్కన;
రొట్టెలకు గూడ ఊదారంగు అంటేది.
ఒకపారి తొమ్మిది వారాలు పట్టింది.
అవతల పెట్టె విప్పినోళ్లు ఏం రాసిండ్రో
మా సారు నాకు చూపెట్టలే.

ఇప్పుడు ఫ్యాక్టరీ, బ్యాంకు, మన సర్కారు,
మందు కొన్న వాళ్ల సర్కారు,
అందరి చూపూ ఒక్క ఫైలు మీదనే.
పెట్టెల దాగిన బిళ్లంత యంత్రం
చల్లదనం ఎంతుందో నాకూ చెప్తది, వాళ్లకూ చెప్తది,
అబద్ధమాడనీయదు ఎవ్వరినీ.
రెండు దేశాల పెద్దలు చేతులు కలిపిన ఫొటో
మా సారు గదిల వేలాడుతున్నది.
ఆ చేతులు నిజంగ కలిసేది మాత్రం
ఇగో, ఈ యాల్లకు, ఈ పసుపుగీత కాడ.

గీత కదలదు.
ఎందుకని చూస్తే, చుక్క.
వాళ్ల రిజిస్టర్ల కంపెనీ పేరు చివర చుక్క లేదు,
మా ఇన్‌వాయిస్‌ల ఉన్నది.
యంత్రానికి మేము వేరే ఎవరో.
ఆవగింజల అరవయ్యో వంతు,
పద్నాలుగు పెట్టెలను పట్టి ఆపింది.

కింద రిమార్కుల గడి.
అరవై అక్షరాలు, మించితే మింగేస్తది.
ఆ గడిల నాకు తెలిసిన ఒక మనిషి ఉన్నరు.
సి. బండా.
మొదటిపారి బండ అని చదువుకొని నవ్వుకున్న.
ఆడో మగో ఎరుక లేదు,
మూడేండ్ల సంది
గింతంత జాగల ఒదిగి మాట్లాడుకుంటున్నం.

రాసిన: చుక్క తప్పు మాదే. మంచు ఆగదు.
జవాబు: కరెంటు లేదు. ఫోన్‌ల చూస్తున్న. ఆగు.

ఆగిన.
ఆడ రాత్రి పది కావస్తుండొచ్చు.
ఎవరింట్లనో చీకట్ల
ఒక మొహం మీద ఫోను వెలుగు,
ఆ వెలుగుల నా చుక్క.

ఒకటి నలభై ఏడుకు గీత పచ్చగైంది.
చప్పుడు రాలే.
ముద్ర అయితే ధడేల్మనేది,
బల్ల అదిరేది,
పని అయిందని భుజానికి తెలిసేది.

పచ్చగీతతో పాటే ఒక ముక్క:
పోయినసారి మూడో పెట్టె మూత వదులు. తాడు కట్టు.

అంటే,
ఇన్నేండ్లకు,
పెట్టె విప్పే చేతులు ఇవేనన్నట్టు.

కట్టిస్త అని రాద్దామంటే
ఫైలు మూసుకపోయింది, గడికి తాళం.
లేచి షెడ్డులకు పోయిన.
లోడర్ మొగిలయ్య నిద్రకండ్లతోని నన్ను చూసి
గింత రాత్రి తాడెందుకక్కా అన్నడు.
మూడో పెట్టెను అడ్డం ఒక చుట్టు, నిలువు ఒక చుట్టు,
మీద ముడి.
ఇంకొకటి గట్టిగ వెయ్యమన్న.

అది విప్పేటప్పుడు
అవతల
చదువుకుంటరు.