టికెట్టు ముక్క

నీస్ పట్నంలో మా నాన్న
చేపల కొట్టు లెక్కలు రాసేవాడు.
జీతం రోజున మాత్రం అమ్మ
ఆయన్ని "షెహజాదే" అని పిలిచేది,
చిల్లర లెక్కపెట్టుకుంటూ.

దేశం విడిచిన రాత్రి ఆయనకి ఏడేళ్ళట,
ఒక కాలికే జోడు.

ఆడవాళ్ళు తిరిగి రావచ్చని చట్టమొచ్చిన ఏడు
నేనొక్కదాన్నే ఓడెక్కాను.
ఇస్తాంబుల్లో తాతగారి ఇంటి ముందు
వరుసలో నిలబడి టికెట్టు కొన్నాను.
నాన్న పుట్టిన గదికి అడ్డంగా ఎర్ర తాడు.
"దాటకండమ్మా" అన్నాడు కాపలాదారు,
మర్యాదగానే.

తిరిగొచ్చి ఆ ముక్క చేతిలో పెడితే
కళ్ళజోడు తుడుచుకుని
వెనకా ముందూ చూశాడు.
"ఎంత?"
"యాభై కురుష్‌లు."
చాలాసేపటికి అడిగాడు:
"మెట్ల కింద పిల్లి ఉండేది.
దాని సంతతేమైనా కనిపించిందా?"

నేను చూడలేదు.
చూశానన్నాను.
బూడిద రంగువి, మూడు.